మా షడ్డకుడి సున్నా

నేను దోమతెరలు అమ్ముతాను. మా షడ్డకుడు, అంటే నా భార్య చెల్లెలి మొగుడు, దోమకాటుకు జ్వరమే రాకుండా చేసే ఉద్యోగంలో ఉన్నాడు. ఒకే ఇంటికి ఇట్లాంటి ఇద్దరు అల్లుళ్లను ఏరి తెచ్చుకున్న మా అత్తను ఏమనాలో నాకు ఇప్పటికీ తెలీదు.

మా అంగడి చిత్తూరు బజారులో ఉంది. కింద అంగడి, పైన ఇల్లు. నాయన కాలంలో జంపఖానాలు, దుప్పట్లు, తలగడ గలీబులు మాత్రమే ఉండేవి. దోమతెరలు నేను చేర్చినాను. తమిళనాడులో కరూరు పోయి కట్టలు కట్టలుగా తెచ్చి అమ్ముతాను. అంగట్లో పుట్టి అంగట్లోనే పెరిగినవాణ్ణి కాబట్టి నాకు వచ్చిన విద్య ఒకటే. ఎదుటి మనిషి చూపు సరుకు మీద ఎంతసేపు నిలిచిందో చూసి ధర చెప్పడం. గుడి ముందర చెప్పులు కాపాడే ముసలామెతో కూడా బేరమాడతానని నా భార్య పదిమందిలో చెప్తుంది. అది అబద్ధం కాదు.

అత్తగారిది పూతలపట్టు దగ్గర. మామిడితోట ఉంది. ఏటా మొదటి కోతలో వచ్చిన బేనీషాలు వరిగడ్డిలో పేర్చి, మొదటి గంప పెద్దల్లుడికి పంపుతారు. మామ పెట్టిన పద్ధతి అది. ఆయన పోయినాక అత్త కూడా తప్పలేదు. రెండో గంప చిన్నల్లుడికి. చెట్టు అదే, కాయ అదే, తీపీ అదే. అయినా మొదటిది మొదటిదే. ఆ గంప మా అంగడి ముందర ఆటోలోంచి దిగుతుంటే, పక్కనున్న ఇత్తడి సామాన్ల ఆసామి, ఎదురుగా ఉన్న పూజసామాన్ల అవ్వ తలలెత్తి చూసేవాళ్లు. నేను అది చూడనట్టు దుప్పటి మడతపెట్టేవాణ్ణి.

పెళ్లయిన కొత్తలో మా షడ్డకుడు తిరుపతి లాడ్జీల మిద్దెలెక్కి, నీళ్లతొట్లలో గరిటె ముంచి, అందులో దోమపిల్లలు ఈదుతున్నాయా అని చూసేవాడు. ఆ రోజుల్లో నాకు అతనంటే ప్రాణం. భోజనాల దగ్గర పక్కన కూర్చోబెట్టుకుని, "తిను తమ్ముడూ, పొద్దన్నించి మిద్దెలెక్కి దిగినావు" అని నేనే కొసరి వడ్డించమనేవాణ్ణి. తర్వాత అతను ఏవో చదువులు చదివినాడు, పరీక్షలు రాసినాడు, కుర్చీ మారింది. మలేరియాను పూర్తిగా పోగొట్టిన దేశంగా శ్రీలంకకు పత్రం వచ్చిందట, వాళ్లు ఎట్లా చేసినారో చూసి రమ్మని అతన్ని పంపినారు. ఆ తర్వాత ఆఫ్రికాలో ఒక దేశానికి పోయినాడు. విమానం కిటికీలోంచి తీసిన మబ్బుల ఫోటోలు మా మరదలు ఫోనులో ఒక్కొక్కటే జరిపి చూపిస్తుంటే, అత్త ఆ మబ్బులను గూడా మెచ్చుకునేది. చిత్తూరు మీద ఉండే మబ్బులు ఆమె కంటికి ఎప్పుడూ ఆనలేదు.

ఒకసారి అన్నాలు తినేటప్పుడు అతను తన పని గురించి చెప్పినాడు. ప్రపంచమంతా కలిసి ఈ జబ్బును దేశం తర్వాత దేశం నుంచి తరిమేస్తున్నారట. పత్రం ఊరికే రాదు. దేశంలో పుట్టిన కేసు వరసగా మూడేళ్లు ఒక్కటీ ఉండకూడదు. బయటినుంచి ఒంట్లో పెట్టుకుని వచ్చినవాడు ఉండొచ్చు, వాణ్ణి వేరే లెక్కిస్తారు. ఈడి దోమ ఈడి మనిషిని కుట్టి వచ్చింది మాత్రం ఉండకూడదు. మన దేశానికి ఆ పత్రం రావాలంటే ముందు జిల్లా జిల్లాకూ సున్నా రావాల. "మన దగ్గర సున్నా నిలబడుకోనుండాదత్తా" అని అతను మెల్లగా చెప్పినాడు. అత్త గరిటె చేతిలో పట్టుకుని అట్లే నిలబడిపోయింది. అప్పుడు నేననుకున్నాను, ఏం వ్యాపారమబ్బా ఇది, మా అంగట్లో సున్నా వస్తే షట్టరు దించుకుంటాం, ఈయనకు సున్నా వస్తే అత్త నెయ్యి వేస్తుంది. వేసింది కూడా. నా విస్తట్లోకి వచ్చేసరికి గిన్నె అడుగంటింది.

ఆ పూటే ఇంకో మాట చెప్పినాడు. ఒడిశా సరిహద్దులో అడవి ఊళ్లలో ఆ జబ్బు ఇంకా ఉందనీ, ఆడ దోమతెర లేనిదే రాత్రి గడవదనీ. మిగతావాళ్లు అయ్యో పాపం అన్నారు. నేను మాత్రం మజ్జిగ కలుపుకుంటూ, గిరాకీ అంటే అదీ అనుకున్నాను.

దీపావళి అయినాక, పాత సరుకు ఇచ్చి కొత్తది తేవడానికి కరూరుకు పోతున్నానని ఇంట్లో చెప్పి, ఉన్న కట్టలన్నీ లారీకి వేసి, నేను బస్సెక్కి ఒడిశా సరిహద్దుకు పోయినాను. నిజం చెప్తే నా భార్య చెల్లెలికి చెప్తుంది, చెల్లెలు మొగుడికి చెప్తుంది, అతను ఏదో ఒక సలహా ఇస్తాడు. అతని సలహాతో లాభం రావడం కంటే నష్టం మేలనిపించింది. సరుకంతా అమ్ముకుని వచ్చి, మామిడికాయలకు అందరం కలిసిన పూట అత్త ముందర, "ఆ అడవి ఊళ్లా? మన తెరలే గదా ఆడంతా" అని ఏదో మాటలో మాటగా అనాలని నా ఉద్దేశం. ఆ మాటను బస్సులో చాలాసార్లు మనసులో అనుకుని చూసుకున్నాను.

సంతలో మొదటి కట్ట విప్పకముందే సంగతి తెలిసింది. ఆ ఊళ్లలో ప్రతి ఇంటికీ దోమతెరలు ముందే ఇచ్చినారు, ఊరికే. అవి మామూలు తెరలు కావు, దారానికే మందు పట్టించినవి. దోమ వాలితే చస్తుంది. బయటి దేశాలవాళ్లు ఇచ్చిన డబ్బు, మన సర్కారు పంపకం. ఆడవాళ్లు వచ్చి నా తెరను వేళ్లతో నలిపి చూసి, వచ్చీరాని తెలుగులో, "దీంట్లో మందుందా?" అని అడిగినారు. లేదన్నాను. వాళ్ల చూపు నా సరుకు మీద ఎంతసేపు నిలిచిందో చెప్పాల్సిన పనిలేదు. ధర తగ్గించినాను, ఇంకా తగ్గించినాను. ఊరికే వచ్చినదానితో బేరమాడి గెలిచినవాడు మా వంశంలో లేడు. అయినా ఒక సంత కాకపోతే ఇంకో సంత అని మొండిగా తిరిగినాను.

ఒక ఇంటి అరుగు మీద, కట్టల పక్కన పడుకునేవాణ్ణి. తెర కట్టుకోకుండానే. నవ్వొద్దు. కట్ట విప్పితే సరుకు పాతదైపోతుంది, అమ్మేవాడు వాడుకోకూడదు అనేది నాయన మాకు పెట్టిన శాసనం. దుప్పట్ల అంగట్లో పుట్టి, చలికాలం నాయన పాత పంచె కప్పుకుని పెరిగినవాణ్ణి నేను. ఆ ఇంటామె జాలిపడి, తన దగ్గర మిగిలిన మందుతెర ఒకటి ఇవ్వబోయింది. దోమతెరల వ్యాపారి ఇంకొకరి దోమతెర అడుక్కుంటే ఇంకేముంది? వద్దన్నాను. దోమలు నా మర్యాదను మెచ్చుకుని కడుపునిండా తాగినాయి.

తిరుగుప్రయాణం అనుకునేలోపు చలిజ్వరం పట్టుకుంది. ఆ ఊరి ఆరోగ్య కార్యకర్త వేలు గుచ్చి చూసి, మలేరియా అని చెప్పి, రెండు రకాల బిళ్ళలు ఇచ్చింది. ఒక రకం జ్వరానికి. రెండో రకం పద్నాలుగు దినాలు మింగాల, జ్వరం పోయినా మానకూడదు, పురుగు కార్జంలో దాక్కునుంటుంది అని చేతులు తిప్పి మరీ చెప్పింది. నాలుగో దినానికి జ్వరం దిగింది. జ్వరం దిగినాక బిళ్ళలు మింగడం, బేరం తెగినాక కూడా ధర పెంచుకుంటా పోయినట్టుంటుందని ఆపేసినాను. మిగిలినవి పారేయలేదు. సరుకు సరుకే గదా, ఎప్పుడైనా పనికొస్తుందని పెట్టె అడుగున పెట్టినాను. పోయిన కట్టలు పోయినట్టే తిరిగి వచ్చినాయి. కరూరు కొత్త సరుకు అని నా భార్యే వాటిని అరలో సర్దింది. చిక్కిపోయినావేమబ్బా అంటే, ఆ ఊరి తిండి పడలేదన్నాను.

నెలలు గడిచినాయి. మామిడి కోతకొచ్చింది. ఎండకు బజారులో తారు మెత్తబడే కాలంలో, ఒక పూట నేను అంగట్లో కూర్చునుండి గడగడ వణకడం మొదలుపెట్టినాను. నా భార్య నామీద రెండు బొంతలు కప్పి, అమ్మకానికున్న దుప్పటి కూడా ఒకటి విప్పి కప్పింది. అంత వణుకులోనూ ఆ దుప్పటి విప్పినందుకు నా ప్రాణం చివుక్కుమనింది. ఆస్పత్రిలో రక్తం చూసి మలేరియా అన్నారు. ఇట్లాంటి జ్వరం దొరికితే వెంటనే పైకి తెలపాల. పైన ఎవరు ఉన్నారో మీకు తెలుసు.

ఆ పొద్దే తిరుపతి నుంచి ఆఫీసు జీపులో దిగినాడు మా షడ్డకుడు. కింది ఉద్యోగిని ఎవరినైనా పంపొచ్చు, తానే వచ్చినాడు. మంచం పక్కన కూర్చుని నుదురు పట్టి చూసి, నా భార్య ఇచ్చిన నీళ్లు తాగి అడిగినాడు.

"అన్నా, ఈ ఏడాదిలో యాడికన్నా పోయింటివా?"

"కరూరుకు."

"కరూరు కాకుండా?"

"మీ ఇంటికొచ్చింటి. మీ ఇంట్లోనే కుట్టిందేమో, సూసుకో."

అతను నవ్వలేదు. నా భార్య అందుకుని, దీపావళి అయినాక కరూరుకే పోయినాడనీ, చానా దినాలు ఉండి, చిక్కి సగమై వచ్చినాడనీ చెప్పింది. అతను ఆమె వైపు చూసి, నా వైపు చూసి, కళ్లద్దాలు తీసి చొక్కా కొసతో తుడుచుకున్నాడు. అట్లయితే ఇది ఈడ పుట్టిందే అనుకోవాల అన్నాడు. వచ్చే వారం బయటి దేశాల నిపుణులు తిరుపతికి వస్తున్నారు. ఈ జిల్లాల సున్నా ఎట్లా నిలబడిందో వాళ్లకు చెప్పాల్సింది అతనే.

బొంతల కింద నాకు అర్థమైంది. నేను నోరు మూసుకునుంటే చాలు, అతని సున్నా పోతుంది. మూడేళ్ల లెక్క మళ్లీ మొదటినుంచి. నోరు తెరిస్తే, ఊరికే పంచే చోటికి తెరలు అమ్మడానికి పోయి, ఒక్కటీ అమ్మక, దొంగచాటుగా తిరిగొచ్చిన పెద్దల్లుణ్ణి నేను. మొదటి గంప అట్లాంటివాడికి ఎవరు పంపుతారు? నాకు ఒళ్లంతా వణుకుతోంది గానీ, లోపల ఎక్కడో ఎదురంగడి షట్టరు దిగినంత చల్లగా ఉంది. నోరు మూసుకున్నాను.

మరుసటి పొద్దున అంగళ్లు తెరిచే వేళకు అతని మనుషులు వచ్చి, వీధిలో అందరి వేళ్లూ గుచ్చి రక్తం చూడాలన్నారు. నేను మేడమీద కిటికీలోంచి చూస్తున్నాను. ఒక్కరూ చెయ్యి చాపలేదు. బోణీ కాకుండా మా బజారులో చేతిలోంచి ఏదీ బయటికి పోదు. అరువు పోదు, ధర్మం పోదు. రక్తం ఎట్లా పోతుంది? "మొదటి బేరం కానీప్పా, తర్వాత రా" అని పూజసామాన్ల అవ్వ కొంగులో చేతులు దాచుకుంది. ఎండాకాలం పొద్దున, బోణీ ఎప్పుడవుతుందో దేవుడికే తెలీదు. ఇప్పుడు చూద్దాం ఈ విదేశాలు తిరిగిన మొనగాడి తెలివి అని నేను తలగడ ఎత్తుగా పెట్టుకున్నాను.

అతను కొంచెంసేపు రోడ్డు మీద నిలబడినాడు. తర్వాత అవ్వ దగ్గరికి పోయి కర్పూరం ఒక పొట్లం కొన్నాడు. అవ్వ కాసులు కళ్లకద్దుకుని చెయ్యి చాపింది. ఇత్తడి అంగట్లో ఒక గరిటె కొన్నాడు. ఆసామి చెయ్యి చాపినాడు. అట్లా అంగడంగడికీ తానే బోణీ చేసుకుంటా వచ్చి, చివరికి మా అంగడి ముందర నిలబడి, పెద్దమంచానికి సరిపోయే దోమతెర ఒకటి ఇమ్మన్నాడు. నా భార్య, తన చెల్లెలి మొగుడని కూడా చూడలేదు, నా శిష్యురాలు గదా, చెప్పాల్సిన ధరే చెప్పింది. అతను మారుమాట లేకుండా ఇచ్చినాడు. బేరమాడకుండా కొన్న మనిషిని చూసి వీధి వీధే మెత్తబడింది. ఆ బజారులో పుట్టినవాణ్ణి నేను. నాకు ఎవరూ ఒక లోటా మజ్జిగ ఊరికే పోసింది లేదు. అతనికి వరసగా నిలబడి రక్తం ఇచ్చినారు.

ఇత్తడి ఆసామి వేలికి దూది అదుముకుని నా కిటికీ వైపు తలెత్తినాడు. "ఏమప్పా, తెరలమ్మేవాణ్ణే దోమ కుడితే, ఇంక మేము నీ తెరలెట్ల కొనేది?" వీధంతా నవ్వింది. నేను తల లోపలికి లాక్కున్నాను.

ఎవరి రక్తంలోనూ ఏమీ లేదు. మరుసటి దినం వెనకవీధి. ఆ తర్వాత దాని వెనకది. మలేరియా దోమ నీళ్లతొట్లలో, బావుల్లో పుడుతుందని ఇంటింటి తొట్లూ ఒంపినారు. ఎండాకాలం తొట్టి ఒంపించిన పాపం ఎవరిదని ఆడవాళ్లు నా పేరు చెప్పుకుని తిట్టినారు. అవ్వ కోడలు కొత్త బాలింత. పసిబిడ్డ మడమ గుచ్చి చుక్క తీస్తుంటే ఆ బిడ్డ ఏడుపు మా మేడమీదికి వినిపించింది. అవ్వ నన్ను తిట్టలేదు. తిట్టింటే బాగుండేది.

ఆ మధ్యాహ్నం అతను పైకి వచ్చినాడు. చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది. నా భార్య కింద అంగట్లో ఉంది. మంచం పక్కన కూర్చుని, జేబురుమాలతో మెడ తుడుచుకున్నాడు.

"నా సున్నా పోతే పోనీ అన్నా. మళ్లీ లెక్కపెట్టుకుంటా. కానీ ఈడ పుట్టిందయితే, నీకు అంటించినోడు ఇంకొకడు ఈ చుట్టుపక్కల ఉండాల. వాణ్ణి పట్టుకోకుంటే ఆ పసిబిడ్డకు వస్తాది. దొరికేదాకా గుచ్చతానే ఉంటా."

ఆ ఇంకొకడు లేడని నాకొక్కడికే తెలుసు. లేని మనిషి కోసం వీధులు వీధులు తిరుగుతున్నాడు. అతను ఓడిపోవడం నాకు ఇష్టమే గానీ, ఆ బిడ్డ రెండో మడమ కూడా గుచ్చి ఓడిపోవడం నాకు అక్కరలేదు. అయినా పుట్టుక పోదు గదా.

"చెప్తే ఏమిస్తావు?" అన్నాను.

అతను తలెత్తి చూసినాడు. "ఏం కావాలన్నా?"

"ఇంట్లో తెలీగూడదు. అత్తకు అసలే తెలీగూడదు. నన్ను ఎవరికీ చూపగూడదు, నా పేరెత్తగూడదు."

"సరే."

ఒక్కమాటలో ఒప్పుకున్నాడు. అడిగినదానికి వెంటనే సరే అనేవాడితో బేరం చేసినప్పుడు, ఇంకా అడిగి ఉండాల్సింది అనే బాధ ఒకటి మిగులుతుంది. ఆ బాధతోనే చెప్పినాను, ఒడిశా, సంతలు, అరుగు, జ్వరం, అన్నీ. అతను కోపపడలేదు. బిళ్ళలు పూర్తిగా మింగినావా అని అడిగినాడు. లేదన్నాను. మిగిలినవి ఏం చేసినావన్నాడు. దాచినానన్నాను.

"ఎందుకు దాచినావు?"

"మళ్లీ వస్తే పనికొస్తాయని."

రెండు మూడు దినాల్లో మొదటిసారి అతను నవ్వినాడు, భుజాలు కదిలేదాకా. "వచ్చిందిలే అన్నా. దాచినందుకే వచ్చింది." మింగకుండా వదిలేసినందుకు పురుగు నా కార్జంలో నిద్రపోయి, ఇన్ని నెలలకు లేచిందట. ఈ జబ్బు ఈ వీధిది కాదు, నేను మోసుకొచ్చింది. అయినా ఈడి దోమ నన్ను కుట్టి ఇంకొకరికి అంటించి ఉండకూడదని, ఇంకోసారి చుట్టుపక్కల చూసి పోతామన్నాడు.

ఆ వారంలోనే పూతలపట్టు నుంచి అత్త వచ్చింది, మొదటి గంపతో. పెద్దల్లుడికి జబ్బని తానే మోసుకొచ్చి మంచం కింద పెట్టింది. బిళ్ళల చేదుకు నా నోరు చచ్చిపోయి ఒక్క కాయ కూడా తినలేకపోయినాను. అయినా పడుకుని చెయ్యి కిందికి వేలాడేసి, గడ్డిలో మాగుతున్న కాయలను తడిమి చూసుకునేవాణ్ణి. నాకు గంప, అతనికి సున్నా, లెక్క సరిపోయింది అనుకున్నాను.

తిరుపతి సభ అయిన సాయంత్రం మా మరదలు ఫోటోలు పంపింది. నా భార్య వాళ్లమ్మ పక్కన కూర్చుని చూపిస్తోంది. మా షడ్డకుడు మైకు ముందర నిలబడినాడు. తెల్లవాళ్లు, నల్లవాళ్లు, మనవాళ్లు, అందరూ అతన్నే చూస్తున్నారు. అతని వెనక తెర మీద పెద్ద పటం. దాని మీద ఒడిశా సరిహద్దు నుంచి ఎర్రటి బాణం ఒకటి బయల్దేరి, నేరుగా వచ్చి చిత్తూరులో దిగింది. అతను మాట తప్పలేదు. నా పేరు లేదు, నా అంగడి పేరు లేదు. బాణం మాత్రం ఉంది.

నా భార్య ఫోనును రెండు వేళ్లతో పెద్దది చేసి, చానాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఏమబ్బా, కరూరు ఒడిశాలో ఎప్పుడు కలిసింది?"

అత్తకు అంతా విడమరిచి చెప్పాల్సి వచ్చింది. ఆమె తిట్టలేదు. మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి, మంచం కిందినుంచి గంప బయటికి లాగింది. "ఒళ్లు కుదురుకున్నాక దీన్ని నువ్వే ఎత్తుకొనిపోయి చిన్నోడికి ఇచ్చి రా, నాయనా. వేరే ఎవురూ వద్దు" అనింది. పద్నాలుగు దినాల బిళ్ళలూ నా భార్య ఎదురుగా నిలబడి మింగించింది. మింగినాక నోరు తెరిచి నాలుక ఎత్తి చూపించమనేది. తెరిచి చూపించినాను.

మధ్యలో మాగినవి తీసేసి, అత్త ఇంకో కోత కాయలతో గంప నింపింది. చిత్తూరు నుంచి తిరుపతి దాకా బస్సులో ఆ గంపను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. బస్సంతా వాసన. పూతలపట్టు దాటేటప్పుడు పైనున్న రెండు మంచి కాయలను సంచిలోకి మార్చుకోవాలని చెయ్యి పోయింది. పక్కసీటు ఆమె చూస్తోంది, ఊరుకున్నాను.

వాళ్లింట్లో మంచానికి మా అంగడి తెరే కట్టి ఉంది, నాలుగు మూలలా సరిగ్గా. మా షడ్డకుడు గంప తీసుకుని, పైనున్న ఆ రెండు కాయలే ఎంచి కోసి నా ముందర పెట్టినాడు. పెద్దవాడివి నువ్వు ముందు తినన్నాడు. తిన్నాను. బాగుంది. అది కూడా నాకు బాధగానే ఉండింది. తర్వాత సభ సంగతి అడిగితే, అతను తెర అంచు సర్దుతూ చెప్పినాడు. ఒక్క జ్వరాన్ని అంత తొందరగా పట్టుకుని, యాడినుంచి వచ్చిందో తేల్చినందుకు వాళ్లు చానా సంతోషపడినారంట. సున్నా ఉండడం కంటే, దాన్ని ఎట్లా కాపాడుకుంటామో చూడ్డానికే వాళ్లు వచ్చిందంట.

"నిన్ను సూడాలన్నారన్నా. చిత్తూరుకు కారులో వస్తామన్నారు. మీ అంగడి, మీ తెరలు, ఫోటో తీసుకుంటామన్నారు. నేనే వొద్దన్నా. మాటిచ్చింటి గదా."

నేను టెంక చీకుతూ కూర్చుండిపోయినాను. మా బజారులో తెల్లవాళ్ల కారు దిగడం, ఇత్తడి ఆసామి తలెత్తి చూడడం, నేను చూడనట్టు దుప్పటి మడతపెట్టడం, అన్నీ కళ్ల ముందర తిరిగినాయి. ఇంటికి వచ్చినాక నా భార్యను ఒక్కటే అడిగినాను, ఆ పొద్దు ఆ తెరకు అతనికి ఎంత చెప్పినావని. చెప్పింది.

"ఇంకొంచెం చెప్పింటే గూడా ఇచ్చేవాడే," అన్నాను.